ఐదో గీత

మిరియం బండి పాతకోట జట్‌పురా గేటు దగ్గర, నడి దారిలో ఆగిపోయింది. ఆగడానికి ఊళ్లో ఇంకెక్కడా చోటు దొరకనట్టు! వెనక బస్సువాడు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు. పక్కనుంచి పోయే మోటారు సైకిళ్లవాళ్లు, ఆడమనిషి ఆటో నెట్టడం ఏదో తమాషా అయినట్టు తలలు తిప్పి మరీ చూస్తున్నారు. మే నెల ఎండ మాడు పగలగొడుతోంది. కూరగాయల సంచులతో వెనక కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు దిగి, "ఆజ్ పణ్ బంద్ పడ్లీ కా, తాయీ?" అని మూతి తిప్పుకుని వేరే ఆటో ఎక్కేశారు.

ఈ రోజు కూడానా అన్న ఆ మాటకు మిరియం ఒళ్లు మండిపోయింది. అన్నవాళ్ల మీద కాదు, బండి మీద. "సచ్చినదానా, నీకేం తక్కువ జేసిన నేను?" అని ముందు టైరును ఒక్క తన్ను తన్నింది. టైరుకేం కాలేదు గానీ కాలి చెప్పు తెగింది. ఆ తెగిన చెప్పుతోనే బండిని పక్కకు నెట్టుకుంది. గేటు పక్కనున్న టీకొట్టు వైపు మాత్రం చూడలేదు. చూడకపోతే ఏం, అక్కడ నోవా దోస్తులు కూర్చుని ఉంటారని తెలియదా? పొద్దుగూకేలోపు ఈ కబురు ఇంటికి చేరుతుందనీ తెలుసు.

నోవా ఆమె మొగుడు. బొగ్గు టిప్పర్ నడుపుతాడు. తాను నడిపితే ఉద్యోగం, పెళ్లాం నడిపితే పరువు తక్కువ. ఇదీ ఆయనగారి లెక్క! మిరియం అంతకుముందు ఒక బట్టల షాపులో పనిచేసేది. షాపు తెరిచింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలి, గిరాకీ లేనప్పుడు కూడా సేటు స్టూలు మీద కూర్చోనిచ్చేవాడు కాదు. కాళ్ల నరాలు ఉబ్బిపోయాయి. ఆ నరకంలోంచి బయటపడి, తన పేరు మీద, తన కష్టంతో ఈ బ్యాటరీ ఆటో తెచ్చుకుంది. ఇప్పుడు రోజంతా కూర్చునే పని. ఎప్పుడు పోవాలో, ఎప్పుడు రావాలో ఆమె ఇష్టం. అది నోవాకు కంట్లో నలుసైంది.

పోయిన నెల బండి రెండుసార్లు దారిలో ఆగింది. రెండోసారి ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. ఆ గొడవలో మిరియం, "ఇంకొక్కసారి రోడ్డు మీద ఆగితే నేనే సంతకం పెడ్త. అమ్ముకో పో!" అనేసింది. అత్త మంగతాయి ముందు, మామ ప్రేమయ్య ముందు, బైబిలు పెట్టుకునే బల్ల మీద అరచెయ్యి చరిచి మరీ అన్నది. కోపంలో మనిషి ఏమైనా అంటుంది, తెల్లారితే మరిచిపోతుంది. మిరియం అలా కాదు. అన్న మాట మింగడం ఆమెకు చేతకాదు, అదే ఆమెకున్న పెద్ద రోగం.

తెలిసిన ఆటోవాడొకడు వెనకనుంచి కాలితో నెట్టుకుంటూ బండిని బాబుపేట్‌లో నవనీత్ దుకాణం దాకా చేర్చాడు. ఆమెకు ఆ లిథియం బ్యాటరీ అమ్మింది, ఎలా వాడుకోవాలో చెప్పింది ఆ నవనీతే.

"నవనీత్! బయటికి రా! ఏండ్లకేండ్లు సూసే పనే లేదన్నవ్ గద? ఏడాదిన్నరకే సచ్చింది. కుళ్లిపోయిన మాల్ అంటగట్టనీకి నేనే దొరికిన్నా నీకు?"

"అక్కా, గరం గాకు. ముందు నీళ్లు తాగు."

"నీళ్లు నువ్వే తాగు! బ్యాటరీ సూడు!"

నవనీత్ సీటు ఎత్తి, పెట్టె మీద చెయ్యి వేసి, చుర్రుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు. గుడ్డ అడ్డం పెట్టుకుని మూత విప్పాడు. లోపల వరసగా పేర్చిన సెల్లుల్లో రెండు, అజీర్తి చేసిన కడుపుల్లా ఉబ్బి ఉన్నాయి.

"గిది సూడక్కా. బండి కాలుతున్నప్పుడే చార్జింగ్ పెట్టిండ్రు. అదీ నిండ నింపిండ్రు. ఒక్కనాడు గాదు, రోజు."

"ఎవరు పెట్టిండ్రు, నేనా? నువ్వు జెప్పినట్టే జేస్తున్న గద!" మిరియం గొంతు వీధి చివరి దాకా వినపడుతోంది. "తిరిగొచ్చినంక సల్లారనియ్యాలె అన్నవ్. సల్లారినంకనే పెడ్తున్న. మీటర్ల ఐదు గీతల్ల నాలుగు ఎలగంగనే తియ్యాలె అన్నవ్. తీస్తున్న. ఒక్క గీతకు దిగనియ్యొద్దన్నవ్. దిగనిస్తలే. దూరం పోయేనాడు, లేకుంటె నెలకొకసారి నింపుకోమన్నవ్. గదే జేస్తున్న. ఇంకేం జెయ్యాలె, ఒళ్ల పండవెట్టుకొని జోల పాడాల్నా?"

"మరి మధ్యాహ్నం?"

"మధ్యాహ్నం పెట్టనే పెట్ట. ఇంటికొస్త, ఇంత తింట, జర పంట. నేను లేసేసరికి దానంతట అదే ఐదు గీతలు ఎక్కి ఉంటది. మనిషి లెక్కనే, పండుకుంటె దానికి బలమొస్తది."

నవనీత్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "పండుకుంటె ఒక గీత ఎక్కుతదక్కా, అదీ ఎక్కితె. రెండు గీతల మీద పండుకున్నది ఐదు గీతల మీద ఎట్ల లేస్తది? నువ్వు పండుకున్నప్పుడు ఎవరో చార్జింగ్ పెడుతుండ్రు. బండి ఇంక సల్లారకముందే."

నా బ్యాటరీ నిద్రపోతే బలం పుంజుకుంటుందని ఆటో స్టాండులో మిరియం ఎంతమందికి గొప్పలు చెప్పుకుంది! ఎంతమంది నోరు తెరుచుకుని విన్నారు! సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గు కాస్తా మరుక్షణంలో కోపమైంది. ఎవరు? ఇంకెవరు! బండి పాడైతే ఎవరికి పండుగ? పొద్దటి షిఫ్టు చేసి మధ్యాహ్నానికి ఇల్లు చేరేది ఎవరు? నోవా! ఎదురుగా నిలబడి గెలవలేక, దొంగచాటుగా తన బండి గొంతు పిసుకుతున్నాడన్న మాట.

"మొత్తం పోలేదక్కా," అంటున్నాడు నవనీత్. "గా రెండు సెల్లులు మారుస్త. మిగిలినయ్ గూడ దెబ్బతిన్నయ్, సగం బలంతోని నడుస్తది. ఇప్పటికెల్లి మంచిగ సూసుకుంటె ఇంక శానా దినాలొస్తది."

"ముందు నువ్వు మార్చు. సూసుకునుడు సంగతి నేను సూసుకుంట," అన్నది మిరియం పళ్లు కొరుకుతూ.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే ఇంటికి వచ్చింది. బండిని రేకుల షెడ్డులో పెట్టింది. షెడ్డు లోపల గాలి నిప్పులా ఉంది. అన్నం తిని, చాప వేసుకుని, కొంగు మొహం మీద కప్పుకుని పడుకుంది. పడుకోవడమంటే పడుకోవడమా! చెవులు రెండూ షెడ్డు మీదే ఉన్నాయి. కొంతసేపటికి షెడ్డు తలుపు కిర్రుమంది. అంతే, మిరియం లేచి మూలనున్న చీపురు అందుకుంది. "దొరికినవ్ రా! ఇయ్యాల నువ్వో నేనో తేలాలె!" అని అరుచుకుంటూ షెడ్డులో పడింది.

ఎదురుగా మామ ప్రేమయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో బండి తుడిచే తడిగుడ్డ, ఇంకో చేతిలో చార్జరు ప్లగ్గు.

"మామా! నువ్వా!"

"మెల్లగ బిడ్డా," అన్నాడు ప్రేమయ్య, ఏమీ జరగనట్టు. "పండుకున్నవని సప్పుడు జెయ్యకుండ వచ్చిన."

చీపురు ఎక్కడ దాచుకోవాలో మిరియంకు తెలియలేదు. కిందపడేసింది. "ఎన్ని దినాల సంది గిట్ల జేస్తున్నవ్?"

"బండి వచ్చిన కాడికెల్లి." ఆయన మాటలో తప్పు చేసినవాడి బెరుకు లేదు, పైగా కాస్త గర్వం కూడా ఉంది. "నువ్వు సగం నింపి గుంజేస్తున్నవ్. చిన్నదానివి, నీకు తెల్వది. దారిల ఆగుతవని నాకు బుగులు. నిండకుండ దీపాన్ని నేను ఎవ్వల చేతికీ ఇయ్యలే."

ప్రేమయ్య బొగ్గు బాయిలో ల్యాంప్ రూమ్ మనిషి. తెలంగాణ నుంచి వచ్చి ఆ పనిలో చేరినవాడు, రిటైరయ్యేదాకా అదే గదిలో ఉన్నాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ ఆయన కిటికీ దగ్గర తల దీపం తీసుకుని దిగాలి, పైకి రాగానే మళ్లీ అక్కడే ఇవ్వాలి. అవి ఆసిడ్ పోసే పాతకాలం దీపాలు. పైకి వచ్చిన దీపాన్ని వచ్చినట్టే చార్జింగుకు ఎక్కించాలి, అంచు దాకా నింపాలి, సగంలో వదిలేస్తే పాడవుతుంది. ఆ దీపాలకు అది సరైన పద్ధతే. ఆ పద్ధతి ఆయనకు ప్రార్థన లాగా ఒంటబట్టింది. కొత్త రకం బ్యాటరీకి వేరే పద్ధతి ఉంటుందని కోడలు చెబితే తల ఊపాడు గానీ, లోపల ఒక్క మాట కూడా నమ్మలేదు.

"మరి నాకెందుకు జెప్పలే?"

"జెప్తే పెట్టనిస్తుంటివా?"

ఆ జవాబుతో మిరియంకు తిక్క నషాళానికి ఎక్కింది. "నేను దారిల ఆగిందే నీ వల్ల మామా! గేటు కాడ అందరి ముంగట నవ్వులపాలైంది నీ వల్ల! నీ బాయి దీపం ఆకలైతే సస్తుండె. గిది కడుపు కాలుతుండంగ కుక్కి కుక్కి తినిపిస్తె సస్తది. గీ ముచ్చట నీ ముంగట కూసోని ఎన్నిసార్లు జెప్పిన? తల ఊపినవ్! ఊపి, నేను కన్ను మూయంగనే వచ్చి గిదా నువ్వు జేసేది? గీ రేకుల కింద, గీ ఎండల!"

"బిడ్డా, నా సర్వీసుల ఒక్క దీపం—"

"నీ సర్వీసు అయిపోయింది మామా! నీ ల్యాంప్ రూమ్ లేదు, నీ బాయి గూడ మూతపడ్డది! నా బండి ఉండె. దాన్ని గూడ నువ్వే సంపినవ్!"

ప్రేమయ్య చేతిలోని ప్లగ్గు కింద పెట్టాడు. తడిగుడ్డను నాలుగు మడతలు పెట్టి సీటు మీద ఉంచి, లేచి, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. అనకూడని మాట అన్నానని మిరియంకు తెలుస్తూనే ఉంది. తెలిసినా కోపం దిగలేదు. దిగదు మరి, పోయింది ఆమె బతుకుతెరువు!

మంగతాయి పరుగెత్తుకొచ్చింది. "ఏం నోరే అది! పెద్దమనిషిని పట్టుకొని గంత మాటంటవా? ప్రభువు సూస్తుండు!"

"సూడనియ్ అత్తా! ప్రభువుకు గూడ చార్జింగ్ సంగతి తెల్సి ఉంటది!"

ఆ అరుపుల మధ్యలోనే నోవా డ్యూటీ నుంచి వచ్చాడు. సంగతంతా విని పడీపడీ నవ్వాడు. "మా బాపు మంచి పనే జేసిండు. నేను జెయ్యలేని పని!" అన్నాడు. తరవాత నవ్వు ఆపి, "పద్మాపూర్ నుంచి రామకిషన్ అని ఒకాయన ఐతారం వస్తుండు, కొడుక్కు బండి కావాల్నట. ఐదు గీతలు ఎలిగించి నిలబెడ్త. బ్యాటరీ సంగతి ఎవ్వలు నోరు ఇప్పొద్దు," అన్నాడు.

"మోసం జేసి అమ్ముతవా?"

"అమ్మేది నేను. నీ పని సంతకం. మాట మీద ఉంటవా, ఉండవా?"

"ఉంట!" అన్నది మిరియం. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నోవాకు కనపడకూడదని మొహం తిప్పుకుంది.

ఆ రోజు నుంచి ప్రేమయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. షెడ్డు వైపు పోలేదు. అన్నం పెడితే తిన్నాడు, లేదంటే లేదు. మిరియం కూడా పలకరించలేదు. పళ్లెం ఆయన ముందు పెట్టేటప్పుడు కావాలనే చప్పుడయ్యేలా పెట్టేది. మంగతాయి ఇద్దరి మధ్యా తిరుగుతూ ఇద్దరినీ తిట్టింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి బట్టలు కూడా మార్చుకోకముందే రామకిషన్ వచ్చాడు. బక్కపలచటి మనిషి, జుట్టు నెరిసింది. నోవాకు బొగ్గు లోడింగు దగ్గర పరిచయం. నోవా ఆయనను షెడ్డులోకి తీసుకుపోయి మీటరు చూపించాడు. ఐదు గీతలూ నిగనిగలాడుతున్నాయి. "పొద్దుగాల నింపితె పొద్దుగూకే దాక సూసే పనే లేదు కాకా. నడిపిన మనిషి ఆడమనిషి, శానా నాజూకుగ వాడింది," అన్నాడు. ఈ ఏడాదిన్నరలో ఆమె బండి నడపడం గురించి మొగుడి నోట మొదటి మంచి మాట అది. అదీ అమ్మడానికి! మిరియంకు అతని దవడ పగలగొట్టాలనిపించింది. కాగితాలు బల్ల మీద ఉన్నాయి. ఆమె కలం పట్టుకుని కుర్చీలో కూర్చుంది. తాను నోరు విప్పితే మాట తప్పినట్టవుతుందని పంతం పట్టి కూర్చుంది. ముక్కూమొహం తెలియని మనిషి మోసపోతున్నాడు, అది కూడా తెలుసు. కోపం ఎంత పాడు పని చేయిస్తుందో చూడండి.

రామకిషన్ షెడ్డులోంచి తిరిగి వస్తూ, వసారాలో మంచం మీద కూర్చున్న ముసలాయనను చూసి ఆగిపోయాడు.

"ప్రేమన్నా? ల్యాంప్ రూమ్ ప్రేమన్నవేనా? గుర్తువట్టినవా నన్ను?"

ప్రేమయ్య తలెత్తి చూసి, అవునన్నట్టు తలాడించాడు.

రామకిషన్ మొహం వెలిగిపోయింది. నోవా వైపు తిరిగి, "మీ బాపు అని ముందే జెప్పొద్దా! ప్రేమన్న దీపమిస్తె మల్ల ముట్టి సూసెటోల్లం గాదు, నెత్తికి పెట్టుకొని దిగెటోల్లం. ఇగ నువ్వేం జెప్పకు. అన్నా, నువ్వు జెప్పు. గీ బ్యాటరీ మంచిదేనా? నువ్వు మంచిదంటె ఇప్పుడే తోలుకపోత," అన్నాడు.

నోవా తన తండ్రి మొహంలోకి గుడ్లురిమి చూస్తున్నాడు. మంగతాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిరియం మాత్రం చూడలేదు, బల్ల మీద కాగితం కేసే చూస్తూ కూర్చుంది. ఏం చెబుతాడు? కొడుకు మాటను కాదని నిజం చెప్పగలడా? తన నోటితో తన పనితనానికే మన్ను పోసుకుంటాడా?

"తీస్కోకు రామకిషన్," అన్నాడు ప్రేమయ్య.

"ఏందన్నా?"

"ఐదు గీతలు సూసి తీస్కోకు. లోపల ఖరాబైంది. సగం దూరమే పోతది."

"బాపూ!" అని నోవా అరిచాడు.

ప్రేమయ్య ఆగలేదు. మంచం కోడు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఖరాబ్ జేసింది ఎవ్వలో గాదు, నేనే. గీ చేతులతోని. గీ బ్యాటరీ తీరు వేరే ఉన్నది. నా కోడలుకు తెల్సు. మంచిగ జెప్పింది. నేను ఇనలే."

రామకిషన్ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఒకసారి ఊపి, నోవా వైపు చూడనైనా చూడకుండా వెళ్లిపోయాడు.

నోవా నోటికి అడ్డు లేకుండా పోయింది. "బుద్ధి ఉన్నదా ముసలోడా! వచ్చిన బేరం సెడగొట్టినవ్! నిన్ను ఎవడడిగిండు—"

"నోరు ముయ్యి!" మిరియం లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. "ఇంకొక్క మాట మామను అన్నవంటె పండ్లు రాలుతయ్! ఆయనను నేనంట. నా బండి పాడైంది, నేనంట. నువ్వెవడివి అననీకి?"

"నువ్వు సంతకం పెడ్తనన్నవ్!"

"అన్న. కలం పట్టుకొని కూసున్న, మా అత్త సాక్షి. కొనెటోడు పోయిండు, నేనేం జెయ్యాలె? నా మాట నేను తప్పలే. ఇయ్యాలటితోని ఆ మాట అయిపోయింది." కాగితాలను అడ్డంగా చింపి అతని కాళ్ల దగ్గర పడేసింది.

"సగం బ్యాటరీతోని ఏం తిప్పుతవే?"

"సగం ఊరు తిప్పుత! బాబుపేట్ల ఆడోల్లు లేరా? సంతకు పోరా? దవాఖానకు పోరా? గేటు దాక పోతె గద నీ దోస్తులు నవ్వేది!"

నోవా చిరిగిన కాగితాలను తన్ని, బండెడు బూతులు తిట్టుకుంటూ బయటికి పోయాడు. మిరియం ఒగరుస్తూ నిలబడింది. అప్పుడు షెడ్డు గుర్తొచ్చింది. రేకుల కింద, ఈ ఎండలో, అంచు దాకా నిండిన బ్యాటరీ! నిండా నింపి వేడిలో నిలబెట్టడమంత పాపం ఇంకోటి లేదని నవనీత్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. మేకుకున్న తాళంచెవి లాక్కుని పరుగు తీసింది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మామా, రా. ఎక్కు."

"నేనెందుకు బిడ్డా?"

"ఎందుకంటె, రోజు దొంగతనంగ నింపినవ్ గద? దించుడు గూడ సూడు. రా!"

ఆ గొంతులో బతిమాలడం లేదు, క్షమించడం అంతకన్నా లేదు. ప్రేమయ్య వచ్చి ముందు సీట్లో ఆమె పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. బండి బాబుపేట్ సందుల్లో పడింది. రోడ్డు మీద ఒక్క పురుగు లేదు. మిరియం అడ్డదిడ్డంగా నడుపుతోంది, గుంతల్లో కావాలని దించినట్టే దించుతోంది. ముసలాయన కడ్డీ గట్టిగా పట్టుకుని, రెప్ప వేయకుండా మీటరునే చూస్తున్నాడు. రైలు పట్టాల దాకా పోయి వెనక్కి తిప్పేసరికి పై గీత ఒకసారి మిణుకుమని పోయింది.

ప్రేమయ్య వేలు గాల్లోకి లేచింది. "ఆరింది బిడ్డా," అన్నాడు. "ఐదోది ఆరింది. ఇగ ఆపుతవా?"

"ఆప. ఇంకోటి ఆరేదాక తిరుగుదాం, గమ్మున కూసో," అని మిరియం కసిరింది. కొంగుతో కళ్లు తుడుచుకుని బండిని ఇంటి సందు దాటించి ముందుకే పోనిచ్చింది.